ఫిలొమెనా చెప్పిన దేశం

యూరప్ దేశాల పాటల పోటీలో ఎవరు గెలుస్తారో మాల్టా దేశపు గోజో దీవిలో అందరికంటే ముందు చెప్పేది ఫిలొమెనా. ఆవిడది పాస్టిత్సీల కొట్టు. రికోటా జున్ను కూరి కాల్చిన ఆ పాస్టిత్సీల కోసం పొద్దున్నే జనం ఎగబడతారు. ఎగబడనీ, మే నెల వచ్చిందంటే మాత్రం కొట్టుకు తాళం పెట్టి, ఆ ఏడు పోటీ ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికి విమానం ఎక్కేస్తుంది.

ఆవిడ పద్ధతి ఊరందరికీ తెలుసు. ఫైనల్ రోజు మధ్యాహ్నం జనాన్ని కూర్చోబెట్టి రిహార్సల్ చేస్తారు కదా, అది అవగానే ఫిలొమెనా వెళ్లి ఆడవాళ్ల బాత్‌రూమ్ క్యూలో నిలబడుతుంది. నిలబడి వింటుంది, అంతే. ఆ క్యూలో ఏ పాట ఎక్కువమంది నోట్లో ఆడుతుంటే రాత్రికి ఆ పాటే గెలుస్తుందని ఆవిడ లెక్క.

"చప్పట్లు మర్యాదకి కొడతారు. కూనిరాగం మర్యాదకి తియ్యరు కదా," అంటుంది.

తర్వాత ఊళ్లోని ఆకుపచ్చ బ్యాండు క్లబ్బుకి ఫోన్ చేస్తుంది. అక్కడ బాణసంచా చూసే విస్టిన్ ఆ దేశం పేరు మైకులో చెప్పి, ఒక ఔటు పేలుస్తాడు. ఇన్నేళ్లలో ఆవిడ మాట తప్పింది ఒక్కసారే, అదీ జలుబు చేసి చెవులు దిబ్బడ వేసిన ఏడు.

ఇన్నేళ్లలోనూ ఆవిడ 'మాల్టా' అని మాత్రం అనలేదు. క్యూలో వినపడలేదు గనుక అనలేదు. ఊరివాళ్లకు ఇది కడుపుమంట. "మన దేశానికి మనం ఓటెయ్యకూడదని రూలుంది, సరే. ఒక్క మాటెయ్యడానికి నీకేమొచ్చింది తల్లీ?" అని ఏటా దెప్పుతారు. ఫిలొమెనా పిండి సాగదీస్తూ విననట్టు ఊరుకుంటుంది.

ఈసారి పోటీ పోర్టోలో. మాల్టా తరఫున పాడుతున్నది ఫిలొమెనా చెల్లెలు కార్మ్ని కూతురు డోరియెట్. అక్కడే వచ్చింది చిక్కంతా.

వాళ్ల ఊరికి రెండు బ్యాండు క్లబ్బులు, ఆకుపచ్చ ఒకటి, ఎరుపు ఒకటి. ఒక క్లబ్బు ఊరేగింపు బాణీ, అదే మార్చ్, వీధిలో మోగుతుంటే రెండో క్లబ్బు ఇళ్లవాళ్లు కిటికీలు ధడాల్న మూసేస్తారు. ఫిలొమెనా తండ్రి సాల్వు ఆకుపచ్చ బ్యాండుకి బూర వాయించేవాడు, ఒక మార్చ్ కూడా కట్టాడు. అలాంటి మనిషి రెండో కూతురు ఎర్ర బ్యాండు మాస్టరు ఇండ్రీని చేసుకుంది. సాల్వు సణిగాడే గానీ మనవరాలు పుట్టాక మెత్తబడ్డాడు. ఆయన పోయిన రోజున ఎర్ర బ్యాండు నల్ల రిబ్బన్లు కట్టుకుని ఇంటి ముందుకు వచ్చింది. మామగారికి ఒక్క మార్చ్ వాయించుకుంటానని ఇండ్రీ అడిగాడు. ఫిలొమెనా వాళ్ల మొహం మీదే తలుపు వేసింది. ఆ తలుపు వేసి తొమ్మిదేళ్లు. అక్కాచెల్లెళ్లకు మళ్లీ మాటల్లేవు.

మరి ఆ డోరియెట్ పెరిగింది ఎక్కడనుకున్నారు? తాత పోయేదాకా ఫిలొమెనా కొట్లోనే, గల్లాపెట్టె పక్కన కాళ్లూపుకుంటూ. పెద్దమ్మ పిండి సాగదీస్తూ తండ్రి మార్చ్ కూనిరాగం తీస్తుంటే, పిల్ల అందుకునేది. ఈ చలికాలంలో రేడియోలో డోరియెట్ పాట మొదటిసారి వచ్చినప్పుడు ఫిలొమెనా పిండి చేతులతో అలాగే నిలబడిపోయింది. పల్లవి సాల్వు మార్చే. నెమ్మదిగా, జోలపాటలా సాగదీసి పాడింది, అంతే తేడా. "మా మార్చే అది!" అని ఆకుపచ్చవాళ్లు చంకలు గుద్దుకున్నారు. "రాగాలన్నాక కలుస్తాయి, మీ సొత్తేం కాదు," అని ఎర్రవాళ్లు కొట్టిపారేశారు. ఫిలొమెనా మాత్రం ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆవిడకు కొండంత గర్వం, ఆ గర్వం చెప్పుకోవలసిన మనిషితోనేమో మాటల్లేవు.

పోర్టోలో రిహార్సల్ అయింది. డోరియెట్ పాడినంతసేపూ ఫిలొమెనా కళ్లు మూసుకునే ఉంది, తెరిస్తే ఏడుస్తానని భయం. అవగానే లేచి వెళ్లి క్యూలో నిలబడింది.

ముందున్న స్పెయిన్ ఆవిడ కూనిరాగం తీస్తోంది. సాల్వు మార్చ్. ఆవిడ వెనక ఇద్దరు అమ్మాయిలు, వాళ్లదీ అదే. చేతులు కడుక్కుంటున్న ముసలావిడదీ అదే. ఇంతకాలం ఎదురుచూసిన రోజు ఇదేనా? లేక తను వినాలనుకున్నదే వినపడుతోందా? సొంత తండ్రి పాట, సొంత పిల్ల గొంతు. ఈ ఒక్క విషయంలో తన చెవుల్ని తను ఎలా నమ్మడం?

అప్పుడు చివరి తలుపు వెనక నుంచి అదే రాగం గట్టిగా వినపడింది. ఎక్కడా శ్రుతి తప్పడం లేదు. సాల్వు ఇంట్లో పెరిగినవాళ్లు తప్ప, రాగం మూడో వరసలో ఆయన వేసే ఆ చిన్న విరుపు ఎవరూ వెయ్యలేరు.

"కార్మ్నీ! బయటికి రా," అంది ఫిలొమెనా.

రాగం ఠక్కున ఆగిపోయింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. కార్మ్ని, ఎర్ర కండువాతో, మొహం అంతకంటే ఎర్రగా.

"ఎంతసేపట్నుంచి ఉన్నావే ఇందులో?"

"పిల్ల పాట అయిన దగ్గర్నుంచీ," అంది కార్మ్ని. "నువ్వు ఇక్కడికే వస్తావని తెలుసు. వచ్చినవాళ్లందరి చెవిలో పడేలా పాడుతూనే ఉన్నా. వాళ్లకీ పట్టుకుంది."

"సిగ్గులేదుటే? మొత్తం క్యూ పాడుచేశావు కదే!"

"లేదు! ఏం సిగ్గు? నీ నోటితో ఒక్కసారి మా పిల్ల పేరు అనిపిద్దామనుకున్నా. నాతో మాట్లాడొద్దు. దాని పేరైనా అనవా? నీ గల్లాపెట్టె పక్కన పెరిగిన పిల్ల కాదూ అది?"

ఫిలొమెనాకు ముందు ఒళ్లు మండింది. తర్వాత నవ్వొచ్చింది. యాభై దాటిన మనిషి, బాత్‌రూములో దూరి, అక్క చెవుల కోసం కూనిరాగాలు! నవ్వు ఆపుకుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. చెల్లెలి చెయ్యి పట్టుకుని లాగింది.

"పద. పై అంతస్తులో ఇంకో క్యూ ఉంది. అక్కడికింకా నీ తెగులు పాకి ఉండదు. నా పక్కన నిలబడు. నోరు తెరిచావంటే చూడు మరి."

పై క్యూలో ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. పట్టుకున్న చెయ్యి ఫిలొమెనా వదల్లేదు. పిల్లను ఎత్తుకున్న ఒక తల్లి కూనిరాగం తీస్తోంది, రెండు డప్పుల మీద సాగే ఎస్టోనియా పాట. ఆవిడ వెనకున్న అమ్మాయి కాలితో అదే తాళం వేస్తోంది. ఆ వెనక నలుగురూ అదే. చివర్లో ఎవరో ఒక్కావిడ మాత్రం, కళ్లు మూసుకుని, సాల్వు మార్చ్.

కార్మ్ని అన్నీ విన్నది. సాల్వు కూతురికి చెవులు లేకేం? తలొంచుకుంది.

"ఎస్టోనియా కదూ?" అంది మెల్లగా.

"ఎస్టోనియానే."

"అబద్ధం చెప్పొచ్చు కదక్కా. ఒక్కసారి. ఊరంతా పొంగిపోతుంది."

తొమ్మిదేళ్ల తర్వాత విన్న 'అక్కా' అది. ఫిలొమెనా చెల్లెలి చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"చెప్పొచ్చు. తిట్లు తింటూ నిజమే ఎందుకు చెబుతున్నాననుకున్నావు? ఏదో ఒక ఏడు మనదే అని చెబుతాను. ఆ రోజు నా మాట ఊరంతా నమ్మాలి. అందుకే, ఆ నమ్మకం ఉత్తినే ఖర్చుపెట్టను."

ఫోన్ మోగింది. విస్టిన్. వెనకాల క్లబ్బులో గోలగోలగా ఉంది.

"మనదేనా అక్కా? మనదేనని చెప్పు, నీకు పుణ్యముంటుంది! ఎర్రోళ్లు కూడా మన గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు, సిగ్గు విడిచి."

"కాదురా. ఎస్టోనియా."

అటువైపు అందరూ ఉసూరుమన్నారు. ఎవరో ఆవిణ్ణి రాతిగుండె మనిషన్నారు.

"ఆగు, ఇంకా ఉంది. ఎస్టోనియాకి మామూలు ఔటు కాల్చు. తర్వాత ఆ పెద్దది ఉందే, అది మన పిల్లకి కాల్చు."

"పెద్దదా? అది పండక్కి దాచిందక్కా! ఏడాదంతా కష్టపడి కట్టాం!"

"అదే కాల్చు. గెలిస్తేనేనా గర్వపడేది? మైకులో చెప్పి మరీ కాల్చు. మా చెల్లెలు కార్మ్ని కూతురు డోరియెట్‌కి, ఫిలొమెనా పెద్దమ్మ కాల్పిస్తోంది అని చెప్పు. 'చెల్లెలు' అన్న మాట మింగేశావంటే వచ్చాక నీ పని చెబుతా."

ఫోన్ ఇద్దరి చెవుల మధ్యా పట్టుకుంది. మైకు గరగరలాడింది. విస్టిన్ ఒక్క మాటా మింగకుండా చెప్పాడు. ఆ పెద్ద ఔటు పేలినప్పుడు ఫోనే అదిరింది. కార్మ్ని అక్క భుజం మీద తల పెట్టి ఏడ్చింది. క్యూలో వాళ్లు పాపం ఏమనుకున్నారో, వాళ్లిద్దరినీ ముందుకు పంపేశారు.

ఆ రాత్రి ఎస్టోనియా గెలిచింది. డోరియెట్ మూడో స్థానంలో నిలిచింది.

మర్నాడు ముగ్గురూ కలిసి ఫెర్రీలో గోజో చేరేసరికి, రేవులో ఇటు ఎర్ర బ్యాండు, అటు ఆకుపచ్చ బ్యాండు. రెండు బ్యాండ్లు ఒకేచోట నిలబడటం ఆ రేవు ఎన్నడూ చూడలేదు. "మన పిల్ల పాట వాయించండి!" అని జనం అరుస్తున్నారు. ఎర్ర బ్యాండు మాస్టరు ఇండ్రీ కూతుర్ని ముద్దుపెట్టుకుని, కర్ర పైకెత్తి, అలాగే ఆగిపోయాడు. కూతురి పాటంటే మామగారి మార్చ్. ఆయన ఫిలొమెనా వైపు చూశాడు.

ఆవిడ బ్యాగు కింద పెట్టి ఆయన దగ్గరికి నడిచింది.

"ఆరోజు తలుపు వేసేశాను మరిదిగారూ. తప్పు చేశాను. వాయించండి. నాన్న వింటాడు."

ఇండ్రీ కళ్లు తుడుచుకుని కర్ర ఆడించాడు. ఎర్ర బ్యాండు సాల్వు మార్చ్ అందుకుంది. ఎవరి ముందూ కాగితం లేదు. ఒక్క స్వరం తప్పలేదు. మూడో వరసలో ఆ చిన్న విరుపు కూడా, సరిగ్గా సాల్వు వేసినట్టే పడింది.

"అమ్మ దొంగల్లారా," అన్నాడు విస్టిన్ నోరు వెళ్లబెట్టి. "ఇన్నేళ్లూ కిటికీలు మూసుకుని విన్నారన్నమాట!"

రెండోసారి ఎత్తుకునేసరికి ఆకుపచ్చ బూరలు కూడా కలిశాయి. డోరియెట్ మధ్యలో నిలబడి గొంతెత్తింది. ఫెర్రీ దిగుతున్న పరాయి ఊళ్లవాళ్లు ఏమిటీ సంబరం, ఎవరు గెలిచారని అడుగుతున్నారు.

"ఎస్టోనియా గెలిచింది," అంది ఫిలొమెనా. "ఇది మా నాన్న పాట. పాడుతున్నది మా పిల్ల."