నాలుగు బొమ్మలు ఒక్కసారే

నానక్‌రామ్‌గూడలో అద్దాల భవనాల వెనక ఒక సన్నని గల్లీ ఉంది. ఆ గల్లీలో ఒక కిరాయి గది. ఆ ఆదివారం పొద్దున ఎవరైనా లోపలికి తొంగి చూసి ఉంటే ముచ్చటపడేవారు. పదిహేనేళ్ల అమ్మాయి చాప మీద కాళ్లు ముడుచుకొని కూర్చుంది. ఎదురుగా ఒక తెల్ల డ్రాయింగ్ షీటు, ఒక పెన్సిలు. చూపు పక్కకు పోవడం లేదు. ఎంత బుద్ధిమంతురాలో అనిపించేది.

నిజానికి ఆ అమ్మాయి నవనీతకు షీటు కనిపించడమే లేదు. వారం నుంచి అలాగే కూర్చుంటోంది. కాగితం మీద ఒక్క గీత పడలేదు.

తండ్రి ఐలయ్య ఒక ఐటీ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. తల్లి నర్సమ్మ అదే భవనంలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. నవనీతకు చిన్నప్పటి నుంచి బొమ్మలంటే ప్రాణం. కానీ ఏదీ పూర్తి చేయదు. నెమలికి తోక వేయకముందే చెరువు మొదలుపెడుతుంది. చెరువు నిండకముందే బస్సు, బస్సు కదలకముందే భవనాల మీది క్రేన్లు. మధ్యలో లేచి గదంతా తిరుగుతుంది. బడిలో చెబితే దవాఖానకు తీసుకెళ్లారు. డాక్టరమ్మ పరీక్షించి, దీన్ని ఏడీహెచ్‌డీ అంటారని, పిల్లకు పొగరూ బద్ధకమూ లేవని, మెదడు పనిచేసే తీరే వేరని చెప్పింది.

బయటికొచ్చాక ఐలయ్య భార్యను అడిగాడు. "హెచ్‌డీ అంటే టీవీల మంచిగ కనవడేది గదనే? మన పిల్లకు గా హెచ్‌డీ ఎక్కువైందా, తక్కువైందా?"

"నాకేమెర్క? నోరున్నది గద, నువ్వే అడగకపోయినవ్?"

ఇద్దరూ నవ్వుకున్నారు. అడగడానికి మళ్లీ వెళ్లలేదు.

హన్నా టీచర్ శనివారాల్లో గచ్చిబౌలిలో పిల్లలకు ఉచితంగా బొమ్మలు నేర్పుతుంది. అక్కడ ఒక షీటు పూర్తయ్యాకే ఇంకో షీటు ఇస్తారు. రెండు వారాల్లోగా పూర్తయిన బొమ్మ తేకపోతే నవనీత చోటు ఇంకొకరికి పోతుంది. ఆ మాట విని ఐలయ్య సగం బొమ్మలన్నీ కట్టగట్టి అటక మీద పెట్టేశాడు. "గీ ఒక్కటి అయ్యేదాక ఇంకోటి ముట్టకు బిడ్డా" అని ప్రేమగానే చెప్పాడు. నవనీత వాదించలేదు. ఆ రోజు నుంచి ఆమెకు ఆకలి కూడా సరిగా తెలియడం లేదు. పిలిస్తే ఎక్కడో దూరంగా వినిపించేది.

మధ్యాహ్నం చర్చి నుంచి వస్తూ హన్నా టీచర్ నవనీత వాళ్లింటికి వచ్చింది. తెల్ల షీటు చూసి నిట్టూర్చింది.

"ఏమీ అనుకోకండి నర్సమ్మగారూ. పిల్ల చేతిలో కళ ఉందండి. కుదురే లేదు."

"నేన్ జెప్తనే ఉన్న టీచరమ్మా. కుదురు, కుదురు అని నా నోరే నొస్తున్నది."

నవనీత మూలనున్న నీళ్ల కుండను చూస్తోంది. గుండ్రటి కుండ దొర్లిపోకుండా నర్సమ్మ పాత చీర చింపి, చుట్టగా చుట్టి కింద పెట్టింది. దాన్ని కూడా కుదురు అనే అంటారు.

"కుదురు కుండ కింద పెడ్తరు" అంది నవనీత. గొంతులో కోపం లేదు, బాధా లేదు. "కుండ లోపల దేవులాడరు."

హన్నా టీచర్ వచ్చి చాప మీద ఆమె పక్కన కూర్చుంది.

"అయితే నీకేం కావాలమ్మా? నువ్వే చెప్పు."

"ఒక్కటే ముందుంటే చెయ్యి కదుల్తలేదు టీచర్. నాలుగుంటే కదుల్తది. ఒకదాని కాడ ఆగిపోతే ఇంకోదాని కాడికి పోత. మల్ల దీని కాడికొస్త. నిలవడి వెయ్యాలె. జర తిరగాలె."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఎవ్వరు అడగలె."

గోడకానుకొని వింటున్న ఐలయ్య లేచి అటక మీది కట్ట దించాడు. బట్టలారేసే తాడును గదికి అడ్డంగా కట్టి, క్లిప్పులతో నాలుగు షీట్లు వేలాడదీశాడు. "ఇగ మనం వంగి తిరుగుడే" అన్నాడు.

"గేటు కాడ సార్లకు వంగుతలేవా? ఇంట్ల గూడ వంగు" అని నర్సమ్మ దెప్పింది.

వారమంతా నవనీత తిరుగుతూ వేసింది. నెమలి దగ్గర విసుగొస్తే క్రేన్ల బొమ్మ దగ్గరికి, అక్కడ ఆగిపోతే బస్సు దగ్గరికి పోయేది. కొన్నిసార్లు ఊరికే నిలబడిపోయేది. శుక్రవారం సాయంత్రానికి క్రేన్ల బొమ్మ ముగిసింది. మిగతా మూడూ సగంలోనే ఉన్నాయి. "ఇది అయింది" అంది, నల్లా నీళ్లు బందయ్యాయని చెప్పినట్టు. ఆమెకు సంతోషం ఇంకా రాలేదు. వేళ్లకు మాత్రం పసుపు రంగు అంటి ఉంది.

శనివారం ఆ బొమ్మతో నవనీత చోటు నిలిచింది. హన్నా టీచర్ తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి మాట్లాడుతుంటే, వెనక బెంచీల మధ్య నవనీత అటూ ఇటూ నడుస్తోంది. ఎవరూ కూర్చోమనలేదు.

"నా పద్ధతికి ఒదగని పిల్లలకు శ్రద్ధ లేదనుకున్నానండి, తప్పు నాది" అంది టీచర్. "ఇకపై కూర్చుని వేసేవాళ్లు కూర్చునే వేస్తారు, తిరుగుతూ వేసేవాళ్లు తిరుగుతూనే వేస్తారు. మీ పిల్ల ఏ పనీ ముగించడం లేదంటే, తిట్టకముందు ఒక్కసారి అడగండి, నీకు ఎలా అయితే వీలవుతుందమ్మా అని."