పేర్ల పలక

తడిగుడ్డతో పలక తుడిచి, శౌరమ్మ పన్నెండు మంచాలకూ పన్నెండు పేర్లు రాస్తోంది. ఏడు: రత్తమ్మ, కంకిపాడు. పదకొండు: పేరమ్మ, గిలకలదిండి. పెన్సిలిన్ పడదు.

ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో ముప్పై రెండేళ్లుగా ఆమెకు ఇలాగే తెల్లవారింది. పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు, ఏప్రిల్ ఆఖరి రోజు అది; ఆమె ఉద్యోగానికీ ఆఖరి రోజే. కాళ్ల వాపుకు వదులు చేసుకున్న తెల్లబూట్లు, మెడలో గుణదల మాత బిళ్ల, వేళ్లకు సుద్దపొడి. అంతే ఆమె హంగు.

"నంబర్లున్నాయి కదండీ సిస్టర్ గారూ, పేర్లెందుకు?" అంది రూతు. నర్సుగా చేరి వారమైంది.

"మంచానికి జబ్బు చెయ్యదే పిల్లా."

రూతు చురుకైనదే. ఆమె సూది గుచ్చితే రోగికి నొప్పి తెలియదు. డాక్టరు గారి ముందు మాత్రం నోరు పెగలదు. రేపటి నుంచి వార్డు ఆమెదే. శౌరమ్మ దిగులంతా అదే. కొత్తలో తనూ ఒకసారి అనుమానం వచ్చి కూడా డాక్టరును అడగలేక ఒకావిడకి మందు ఇచ్చేసింది. ఆ తల్లి మూడు రోజులు చావుబతుకుల్లో కొట్టుకుని బయటపడింది. దేవుడు కాపాడాడు, నిజమే. నోరిచ్చిందీ ఆయనే కదా, మరి తనెందుకు తెరవలేదు? ఆ వారమే ఈ పలక కొన్నది.

పదింటికి డాక్టరు గారు రౌండుకు వచ్చి, కేసు షీటు చూసి, "ఏడో నంబరుకు పెన్సిలిన్ ఇచ్చెయ్యమ్మా" అన్నారు.

రూతు సూదిలోకి మందు ఎక్కించుకుని ఏడో మంచం మీదికి వంగింది. "పేరేంటమ్మా?"

"పేరమ్మ. ఇందాకే ఇటొచ్చా. ఇక్కడ ఫ్యాను తిరుగుద్ది. రత్తమ్మకి గాలి పడదంట, నా మంచం ఎక్కింది. ఇద్దరికీ సుఖమే!"

రూతు చెయ్యి ఆగిపోయింది. మనుషులు మారారు, షీట్లు మంచాలకే ఉన్నాయి.

"ఏంటి ఆలస్యం?" అన్నారు డాక్టరు గారు.

రూతు శౌరమ్మ వంక చూసింది. శౌరమ్మ, అవసరమైతే సూది ఉన్న ఆ చెయ్యి పట్టుకునేంత దగ్గరగా వచ్చి నిలబడింది.

"సార్... ఈవిడ..."

"వినపడటం లేదు."

"ఈవిడ పేరమ్మండీ! ఈవిడకి పెన్సిలిన్ పడదండీ! ఈ సూది రత్తమ్మదండీ!"

వార్డంతా తలలెత్తింది. డాక్టరు గారు షీటు చూశారు, పేరమ్మను చూశారు. "మంచిపని చేశావు. రేపు కూడా ఇంత గట్టిగానే చెప్పు."

"పెంకులెగిరిపోయేట్టు అరిచింది, నా తల్లే!" అంది పేరమ్మ. "అయితే నర్సమ్మా, ఫ్యాను కింద నుంచి లేవాలా?"

"నువ్వుండు. షీట్లే లేస్తాయి" అంది శౌరమ్మ. అందరూ నవ్వారు.

రెండింటికి డ్యూటీ దిగి ఆమె రిక్షా ఎక్కింది. రూతు వెనకే పరుగెత్తుకొచ్చింది. "పలక మర్చిపోయారండీ!"

"మర్చిపోలేదే" అని, రిక్షా గుణదల వైపు పోనిమ్మంది.

డ్యూటీ గదిలో మేకుకు పలక వేలాడుతోంది. ఏడు ఎదుట శౌరమ్మ గుండ్రటి అక్షరాలు తుడిచిన చోట, ఇంకా తడి ఆరకముందే, కొత్త చేతిరాత: పేరమ్మ, గిలకలదిండి. పెన్సిలిన్ పడదు.