ఎతేరి పెళ్ళి బాన

జుంబెర్ ఇంటి ముందు విదేశీ కెమెరాల బండి ఆగిన రోజే నా కడుపులో మంట మొదలైంది. దేశదేశాలు తిరిగి జనం తిండీ ఆచారాలూ టీవీకి తీసేవాళ్ళట. వైన్‌కి పేరుపడ్డ మా కఖేతీ సీమ మొత్తం మీద వాళ్ళకి దొరికింది నా పక్కింటివాడే.

గోడ మీంచి చూశాను. వాడు పండగ చొక్కా తొడుక్కుని, నేలలో పాతిన వైన్ బాన పక్కన కూర్చుని తాతముత్తాతల గొప్పలు దంచుతున్నాడు. మా ఊళ్ళో వైన్ చేయని ఇల్లే లేదు. వాడు వైన్‌లో చక్కెర కలుపుతాడని ఇరవై ఏళ్ళుగా ఊరంతా చాటింది నేనే. రుచి చూశావా అంటే చూడలేదు. వాడింట గ్లాసు ముట్టను.

సాయంత్రం వాళ్ళు బండెక్కబోతుంటే అడ్డం వెళ్ళి, అసలైన వైన్ తాగకుండా పోతారా అని మా ఇంటికి లాక్కొచ్చాను. అప్పటికి మా ఇంట్లో నిండుగా ఉన్న బాన ఒక్కటే. మా అమ్మాయి ఎతేరి పెళ్ళి కోసం రెండేళ్ళ కిందట బంకమన్నుతో మూసిపెట్టాం. పెళ్ళి అక్టోబరులో. అది మే నెల.

పార అందుకోగానే నా భార్య లామరా చెయ్యి పట్టుకుంది.

"అది పిల్ల పెళ్ళిది. ఇప్పుడు తెరిస్తే అప్పటికి ఏం మిగుల్తుందయ్యా?"

"జుంబెర్‌ని చూసే లోకం నన్నూ చూస్తుంది. నువ్వూరుకో."

వాళ్ళు కెమెరా తిప్పుతుంటే మన్ను తవ్వి తెరిచాను. వాళ్ళు తాగి మెచ్చుకున్నారు, పొద్దున వెలుతురులో మళ్ళీ తీస్తాం, మూయవద్దన్నారు. వీధి వీధంతా వచ్చి తాగింది, జుంబెర్ తప్ప.

మర్నాడు వాళ్ళు రాలేదు. గాలి తగిలితే పులిసిపోతుంది, మిగిలింది జాడీల్లోకి తోడేద్దామని లామరా రోజూ పోరింది. నేను పండగ చొక్కా తొడుక్కుని, తెరిచిన బాన పక్కనే వారం రోజులు కూర్చున్నాను. ఎనిమిదో రోజు వంగి చూస్తే పుల్లటి వాసన ముక్కు బద్దలు కొట్టింది. ఎతేరి ఏడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది.

సెప్టెంబరులో ఆ కార్యక్రమం టీవీలో వచ్చింది. ఊరంతా జుంబెర్ ఇంట్లో చేరి చూసింది. నేనూ వెళ్ళాను, ఉండబట్టలేక. అరగంటా జుంబెరే. చివర్లో నా చెయ్యి కనిపించింది, చెయ్యి మాత్రమే, మన్ను తవ్వుతూ. జుంబెర్ తన బాన తెరుస్తున్నాడని టీవీలో వెనకనుంచి ఎవరిదో గొంతు చెప్పింది. అందరూ పడీపడీ నవ్వారు. జుంబెర్ నవ్వలేదు, దానికే నాకు ఇంకా మండింది.

పెళ్ళికి బజారు వైన్ కొన్నాను. కఖేతీలో అంతకన్నా తలవంపులు లేవు. పెళ్ళి రోజు పొద్దున్నే జుంబెర్ బండి నిండా జాడీలు తెచ్చి మా గుమ్మంలో దింపాడు.

"ఒరే నోదర్, ఎతేరి నా కళ్ళముందు పెరిగిన పిల్ల. దాని పెళ్ళిలో కొన్న వైన్ పోస్తావట్రా? ఇదిగో, చక్కెర తక్కువైతే కలుపుకో."

మా విందుల్లో ఒక్కొక్కరి మేలు కోరి గ్లాసెత్తి తాగుతాం; ఆ మధ్యాహ్నం ఇరుగుపొరుగు పేరున ఎత్తే వంతు వచ్చింది. ఇంటి పెద్దగా అది నాదే. రెండొందల మంది చూస్తుండగా జుంబెర్ పేరు చెప్పి, వాడు తెచ్చిన వైన్‌తోనే గ్లాసు ఖాళీ చేశాను.

చక్కెర లేదు. నా బానలో ఏనాడూ ఇంత మంచి వైన్ కుదరలేదు. ఎదురుగా ఎతేరి నా మొహంకేసే చూస్తోంది. కడుపు మండుతూనే ఉంది, ఇంకో గ్లాసు పోయమన్నాను.