టీకి ముందు ప్రార్థన

భయపడ్డానని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ధైర్యవంతుల కథ కావాలంటే వేరే ఎవరినైనా అడగండి. మా ఇంట్లో ఆరాధన ఉన్న రోజు పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడు వినబడ్డా గుండె గుభేలుమనేది.

మాది మూడో అంతస్తు. ముందుగదిలో నాలుగు కుట్టుమిషన్లు, వెనక వంటగది, పక్కన మేం పడుకునే చిన్న గది. కుట్టుపని నేర్పుతానని కింద బోర్డు పెట్టాను. నిజంగానే నేర్పుతాను కూడా. కానీ వారంలో ఒక మధ్యాహ్నం వచ్చేవాళ్ళకి మాత్రం కాజా కుట్టడం కూడా రాదు. ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ వస్తుంది. బస్సు డ్రైవరు భార్య వస్తుంది. మా అత్తయ్య ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది. ఆఖరున పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మా తమ్ముడు వస్తాడు. వాడు ప్లంబరు. మా సంఘానికి కాపరి కూడా వాడే.

అనుమతి లేకుండా ఇళ్ళల్లో ఆరాధన పెట్టుకోవడం నేరం. అనుమతి అడిగితే ఇవ్వరు, అడిగినవాళ్ళ మీద మాత్రం కన్నేసి ఉంచుతారు. అందుకని మేం మిషన్ల చప్పుడులో పాడుకునేవాళ్ళం. నేనూ నర్సమ్మా చెరో మిషనూ గడగడలాడించేవాళ్ళం, ఆ చాటున మిగతావాళ్ళు లోగొంతుతో పాడేవాళ్ళు. మిషను ఆగితే పాట ఆగిపోవాలి. ఇంట్లో బైబిలు పుస్తకం ఉంచేవాళ్ళం కాదు. తమ్ముడికి ఎంత నోటికొస్తే అంతే మాకు వాక్యం.

వాడు ఇదివరకు ఒకసారి దొరికాడు. ఎవరో పట్టిస్తే కాదు. ఇంకొకరి ఇంట్లో ఆరాధన జరుగుతుంటే ఆఫీసర్లు వచ్చి, “ఇక్కడ ప్రార్థన చేయించేది ఎవరు?” అని అడిగారట. మావాడు బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తి, “నేనేనండీ” అన్నాడట! ఏడాది పైన లోపల ఉంచారు. బయటికి వచ్చేసరికి మనిషి సగమయ్యాడు, ఎడమ చెవి వినబడటం మానేసింది. ఇంకోసారి దొరికితే పదేళ్ళ దాకా బయటి వెలుతురు చూడవని చెప్పి మరీ పంపించారు.

“ఈసారి ఎవరైనా అడిగితే నేను కాదని చెప్పరా నాయనా” అని ఎన్నిసార్లు బతిమాలానో.

“అడక్కపోతే నేనుగా చెప్పను అక్కా. అడిగాక అబద్ధం ఎలా ఆడమంటావు?”

“నాలుకతో ఆడతారురా, లోకంలో అందరూ!”

వాడు నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. “వాణ్ణి వదిలెయ్యవే, నీ అరుపులకే వచ్చేట్టున్నారు పోలీసులు” అని అత్తయ్య నన్నే కసిరేది. ఆవిడకి వాడంటే ప్రాణం. నాకు కాదా మరి? అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేను.

ఆరాధన అయ్యాక టీ తాగేవాళ్ళం. ఆ టీ దగ్గర వాడు ఒక పద్ధతి పెట్టాడు. కప్పు రెండు చేతులతో పట్టుకోవాలి, తల వంచాలి, వాడు “తండ్రీ, నీకు వందనాలు” అని చెప్పాకే గుక్క వేయాలి. లోపల తాగే నీళ్ళకి కూడా గంటలకొద్దీ ఎదురుచూసి వచ్చిన మనిషి, కాదని ఎవరంటాం? అలా అలా అందరికీ అదే అలవాటైపోయింది. డ్రైవరు భార్య తన ఇంట్లో కూడా కప్పు పట్టుకుని అలాగే ఆగిపోతుందట. “ఏమే, టీలో ఈగ పడిందా?” అని వాళ్ళాయన అడిగాడని చెబితే ఆ రోజు నవ్వలేక చచ్చాం.

ఇక అసలు రోజు సంగతి. పాటలయ్యాయి, వాక్యం అయింది, పొయ్యి మీద టీ మరుగుతోంది. అప్పుడు కాలింగ్ బెల్ మోగింది.

మావాళ్ళెవరూ బెల్ కొట్టరు. గడియ పెట్టకుండా దగ్గరికేసి ఉంచుతాం, తోసుకుని వచ్చేస్తారు. బెల్ మోగిందంటే బయటి మనిషన్నమాటే. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నర్సమ్మ చప్పున మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. నేను తమ్ముణ్ణి చొక్కా పట్టుకుని వంటగదిలోకి లాక్కుపోయాను.

“సింకు కిందకి దూరు.”

“దాక్కోమంటావా అక్కా? అది కూడా అబద్ధమేగా.”

“దాక్కోమని ఎవరన్నారు? ఆ పైపు కారిపోతోందని ఎన్నాళ్ళనుంచి మొత్తుకుంటున్నాను! బాగుచెయ్యి. అబద్ధం కాదు, నీ పనే!”

వాడు ఒక్క క్షణం ఆలోచించి, నిజమే అనుకున్నట్టున్నాడు, సంచీ పట్టుకుని కిందకి దూరాడు. బయటికి కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి.

తలుపు తీస్తే ఒక ఆఫీసరు, వెనక ఒక కుర్ర జవాను. ఆఫీసరు అరిచే రకం అయితే నాకు కొంత తేలికగా ఉండేది, అరుపులు నాకు వచ్చిన విద్యే. ఈయన ఎంతో మర్యాదగా టోపీ తీశాడు. “కంగారు పడకండమ్మా. ఈ ఇంటికి ప్రతివారం ఒకే మనుషులు వస్తున్నారని ఎవరో చెప్పారు. ఊరికే చూసి వెళ్దామని” అన్నాడు.

ఆయన మిషన్ల మధ్య నెమ్మదిగా తిరిగాడు. నర్సమ్మ దగ్గర ఆగి వంగి చూశాడు.

“సూదిలో దారం లేదేమ్మా?”

నర్సమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. నేనే అందుకున్నాను. “కొత్తవాళ్ళకి ముందు దారం లేకుండానే తొక్కిస్తాం సార్. లైను తిన్నగా వచ్చాక దారం ఎక్కిస్తాం.” ఇది నిజమే, ఏ టైలరుని అడిగినా చెబుతారు. ఆయన గుడ్డ పైకెత్తి సూది పోట్లు చూశాడు. లైను పాములా మెలికలు తిరిగి ఉంది. “కొత్తే” అని నవ్వాడు. నాకు కాస్త ఊపిరి ఆడింది.

“టీ వాసన వస్తోందే” అన్నాడు కుర్చీలో కూర్చుంటూ.

అయ్యో, ఆ మాట అన్నందుకు నేనెంత సంబరపడ్డానో! టీ తాగి వెళ్ళిపోతాడులే అనుకున్నాను. వంటగదిలోకి పరుగెత్తి కప్పుల్లో పోస్తుంటే సగం సాసర్ల పాలైంది. కాళ్ళ దగ్గర తమ్ముడు రెంచీతో పైపు తిప్పుతూనే ఉన్నాడు. ట్రే తీసుకెళ్ళి ఆయనకీ జవానుకీ ముందిచ్చి, తర్వాత మావాళ్ళకి ఇచ్చాను. ఆఖరి కప్పు నేను తీసుకున్నాను.

ఆయన ఒక గుక్క తాగాడు. “బాగుందమ్మా” అన్నాడు. తర్వాత తలెత్తి చూశాడు.

ఎవరూ తాగడం లేదు. అత్తయ్య, నర్సమ్మ, డ్రైవరు భార్య, ముగ్గురూ కప్పు రెండు చేతులతో పట్టుకుని, తలలు వంచి కూర్చున్నారు. కావాలని చేసింది కాదు. భయంలో బుర్రలు పనిచేయక చేతులు అలవాటైన పని చేసుకుపోయాయి. ఇంకా ఘోరం చెప్పనా? నేనూ అలాగే పట్టుకుని ఉన్నాను.

“తాగండమ్మా, చల్లారిపోతోంది!” అని గద్దించాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ముగ్గురూ ఉలిక్కిపడి ఒకేసారి కప్పులు ఎత్తారు. అది ఇంకా దరిద్రంగా ఉంది.

ఆఫీసరు తన కప్పు మెల్లగా కింద పెట్టాడు. ఆ మర్యాద అలాగే ఉంది, నవ్వు మాత్రం లేదు.

“ఎవరి కోసం ఆగారమ్మా?” అన్నాడు.

వంటగదిలో నేల మీద రెంచీ పెట్టిన చప్పుడైంది. వాడు లేస్తున్నాడు. అడిగారు కదా మరి! అడిగితే చెబుతాడు. గుమ్మంలోకి వచ్చి, చెయ్యెత్తి, “నా కోసమేనండీ” అంటాడు. పదేళ్ళు. ఆ చెవితో, ఆ ఒంటితో పదేళ్ళు వాడు బతకడు.

“నా కోసం ఆగారు సార్” అన్నాను.

“మీ కోసమా?”

“నా ఇల్లు, నా టీ. ప్రార్థన చేసేది నేనే.”

నిజానికి నేను పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో ప్రార్థన చేసి ఎరగను. ఎవరైనా చెయ్యమంటే, నా నోరు తిట్లకే గాని దేవుడికి పనికిరాదనేదాన్ని. ఆయన నమ్మలేదు. నమ్మలేదని చూపులోనే తెలుస్తోంది. ఇంకేం చేయను, కళ్ళు మూసుకున్నాను.

“తండ్రీ, నీకు వందనాలు. ఈ టీకి వందనాలు. నాకు చాలా భయంగా ఉంది. ఈ పూట ఈ గడప దాటి వెళ్ళే మనిషిని క్షేమంగా ఇంటికి చేర్చు. వాణ్ణి వెనక్కి తిరిగి చూడనివ్వకు. ఆమెన్.”

“ఆమెన్” అంది అత్తయ్య, పైకే, గట్టిగా. మిగతా ఇద్దరూ అన్నారు.

కళ్ళు తెరిచేసరికి తమ్ముడు వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆఫీసరు వాడివైపు తిరిగాడు.

“నువ్వెవరు? నువ్వు కూడా వీళ్ళ మనిషివేనా?”

వాడు నోరు తెరిచాడు. పెదవుల మీద మాట ఇంకా పూర్తిగా తయారవ్వలేదు. నేను కప్పు విసిరికొట్టాను.

“ఆయన్నేమడుగుతారు సార్! ఇంతసేపూ ఆ పైపు కింద పడుకుని ఏం ఉద్ధరించారో అడగండి! ఏమండీ ప్లంబరు గారూ, నీళ్ళు ఆగాయా? చూడండి సార్, ఇల్లంతా చెరువు చేశారు! పని చేతకాకపోతే చేతకాదని చెప్పాలి, మనిషికి సిగ్గుండాలి! మిమ్మల్ని రమ్మన్నందుకు నన్ను నేను కొట్టుకోవాలి! సంచీ తీసుకుని నడవండి ముందు! ఒక్క మాట మాట్లాడారంటే మర్యాద దక్కదు! నడవండి!”

పుట్టాక వాణ్ణి నేను మీరు అనడం అదే మొదటిసారి. అరుస్తూనే ఉన్నాను, వాడి మాట నా అరుపుల కిందపడి నలిగిపోవాలని. అత్తయ్య లేచి సంచీ తెచ్చి వాడి గుండెకి ఆనించి తలుపువైపు తోసింది. కుర్ర జవాను నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

“అబ్బబ్బ! ముందా మనిషిని పంపెయ్యండి, చెవులు పోతున్నాయి” అన్నాడు ఆఫీసరు.

తమ్ముడు నా వైపు చూశాడు. పోనని ఆ చూపే చెబుతోంది. మందని వదిలి పోయేవాడు కాపరి కాడని వాడు ఎన్నిసార్లు అన్నాడో. వాడికి మాత్రమే అర్థమయ్యేలా తల అడ్డంగా ఊపాను. కళ్ళతోనే బతిమాలాను. వాడు సంచీ భుజాన వేసుకున్నాడు. తర్వాత గడప దాటాడు. మెట్లు దిగే చప్పుడు నెమ్మదిగా మొదలై, మధ్యలో ఆగి, మళ్ళీ మొదలైంది.

వచ్చినవాళ్ళకి ఈసారికి హెచ్చరిక, ఆరాధన పెట్టినావిడ మాతో రావాలి, అన్నాడు ఆఫీసరు. అత్తయ్య నా స్వెట్టరు తెచ్చి చిన్నపిల్లకి తొడిగినట్టు తొడిగింది. “అక్కడైనా కాస్త నోరు అదుపులో పెట్టుకోవే” అని, బొత్తాలు పెట్టలేక ఏడ్చేసింది.

మెట్లు దిగుతుంటే నాకు జైలు గుర్తుకు రాలేదు. వాడి సంగతి నాకు తెలుసు. కింద ఎక్కడో ఆగి ఉంటాడు, నన్ను చూడగానే ఎదురొచ్చి అంతా చెప్పేస్తాడు. ప్రతి మలుపులోనూ గోడ పట్టుకుని, దేవుడా వాడు కనబడకూడదు, వాడు కనబడకూడదు అనుకుంటూ దిగాను. మొదటి అంతస్తులో లేడు. కింద గేటు దగ్గర లేడు. వీధిలోకి వచ్చి ఆ చివరా ఈ చివరా చూశాను. ఎక్కడా లేడు. నా ప్రార్థన విన్నాడు దేవుడు.

అప్పుడు ముంచుకొచ్చింది ఏడుపు.

“ఇప్పుడు భయమేస్తోందా అమ్మా?” అని అడిగాడు ఆఫీసరు, జీపు తలుపు తీసి పట్టుకుని.

“అవును సార్” అన్నాను.