టేకు చారలు

రాత్రి స్పిరిట్‌లో నానేసిన లక్కను షాలోమి పాత పంచె గుడ్డలో వడకడుతోంది. నాన్న రాయప్పకు చేతులు వణకడం మొదలయ్యాక, నూజివీడు ఫర్నిచర్ కొట్టు నుంచి వచ్చే సామానుకు పాలిష్ పెట్టేది ఆమే. వసారాలో చెక్క ఉయ్యాల ఆఖరి పూత కోసం ఎదురుచూస్తోంది. దూది ఉండను గుడ్డలో చుట్టి లక్కలో తడిపి, సున్నాలు చుడుతూ మెల్లగా రుద్దింది. రుద్దేకొద్దీ ఉయ్యాల నిగనిగలాడింది.

అది మామిడి చెక్క. "టేకు రంగు కొట్టెయ్యి. ఎవరన్నా అడిగితే టేకేనను," అన్నాడు కొట్టు రమేష్. కాదంటే పని ఇంకొకరికి పోతుంది. రంగు వేసి, సన్న కుంచెతో టేకు చారలు కూడా తనే గీసింది. మొదటిరోజు ఉప్పు కాగితంతో రుద్దుతుంటే రాలిన పొడిని నాన్న వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

పూత ఆరేసరికి పక్కవీధి రమణమ్మ వచ్చింది. ఉయ్యాల కొన్నది ఆమే.

"ఓయబ్బో! ఈగ వాలితే జారిపడి నడుం విరగ్గొట్టుకుంటదే!" అని పకపకా నవ్వింది. తెచ్చిన పాత చీరను మెత్తగా మడిచి ఉయ్యాల్లో పరిచి చూసుకుంది.

"మా అమ్మ నన్ను మామిడికాయల పెట్టెలో పడుకోబెట్టి కోతకెళ్ళేది షాలోమీ. మా సౌజన్యనీ నేనట్టాగే పెంచా. మేకు గీరుకున్న మచ్చ దాని మోచేతి మీద ఇంకా ఉంది. దాని కూతురన్నా ఆ పెట్టె చెక్క తగలకుండా పెరగాలని నా ఆశ. కొట్టువాడి మాట నేను నమ్మను. నువ్వు చెప్పమ్మా, టేకేగా?"

షాలోమి దూది ఉండ వైపు చూసింది.

"టేకేనత్తా."

గడపలో అలికిడైంది. రాయప్ప వచ్చి ఉప్పు కాగితం ముక్క తీసుకుని, ఉయ్యాల అంచు మీద వణికే చేత్తోనే గట్టిగా రుద్దాడు. నిగనిగ పోయింది, చారలు పోయాయి. పాలిపోయిన చెక్క బయటపడింది. అచ్చం కాయల పెట్టె చెక్క.

"నువ్వే చెబుతావని ఇందాకటి దాకా చూశానే," అన్నాడు కూతురితో.

రమణమ్మ ఆ చోటును వేలితో తడిమింది. ఆమె రాయప్పను చూడలేదు. షాలోమినే చూసింది. రంగు పట్టిన వేళ్ళను షాలోమి చున్నీలో దాచుకుంది. 'అత్తా' అనబోయింది. కానీ ఇందాక 'టేకే' అన్న నోటితో ఆ పిలుపు రాలేదు.

రమణమ్మ ఉయ్యాల్లోంచి చీర తీసింది. దులిపి, మడత పెట్టి చంకలో పెట్టుకుంది. చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.