సూది పేజీలు

కరోనాకి కాలేజీ మూతపడ్డాక కూడా పొద్దున్న పదింటికి క్లాసంతా ఒకచోట చేరేది, ఫోన్లలో. మేడం అందరికీ కలిపి ఒక పుస్తకం తెరిచారు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని రోజుకో పేజీ రాసి అందులో ఎక్కించాలి. ఇరవై పేజీలైతేనే పరీక్షకి కూర్చోనిస్తారు. ఏ పేజీ తెరిచినా, ఆ మాటలు పుట్టిన ఇంటి వాసన వచ్చేది. టైపు చేసిందెవరన్నది దానికి పట్టదు. ఒకడి పేజీ తెరిస్తే వేగుతున్న ఉల్లిపాయలు, ఇంకొకడిది తెరిస్తే తడిసిన కుక్క. ఆ కుక్క పేజీని తిన్న వెంటనే చదవకండర్రా అని మేడమే ఒకసారి హెచ్చరించారు.

ఈ పుస్తకం మీద కవిగారు గంపెడాశ పెట్టుకుంది. పెద్ద రచయిత్రినవుతానని రోజూ చెప్పి చెప్పి హాస్టల్లో ఆ పేరు తెచ్చుకున్న పిల్ల. పదకొండు పేజీలు ఎక్కించింది. మేడం "అందింది" అన్నారు. మిగతావాళ్ళు ఆ ముక్క కూడా అనలేదు.

కవిగారి రూమ్మేటు సూది. దర్జీ కూతురు, పైగా మనిషి బక్కపలచన, అందుకని ఆ పేరు. వాళ్ళింట్లో ఉన్నది బటన్ల ఫోను ఒక్కటే. కాలేజీ ఇవాళో రేపో తెరుస్తారని ఎదురుచూసి చూసి, చివరికి కవిగారికి ఫోన్ చేసి తన పేజీ చెప్పడం మొదలుపెట్టింది. కవిగారు టైపు చేసి ఎక్కించాలి. ఎవరి ఫోన్లోంచి ఎక్కిస్తే వాళ్ళ పేరే పడుతుంది కాబట్టి, దాన్ని దిద్ది సూది పేరు పెట్టాలి.

మొదటిరోజే కవిగారికి జ్వరం. ముక్కుకి ఏ వాసనా తెలియడం మానేసింది. ఆ నీరసంలో పేరు దిద్దడం నిజంగానే మరిచిపోయింది. ఊరందరికీ మాస్కులు కుట్టిన అమ్మ, తనకి కుట్టుకోవడం మరిచి, చేత్తో మూతి మూసుకుని తలుపు తీసిందని ఆ పేజీలో ఉంది. పది నిమిషాల్లో "అబ్బ, ఎంత బాగుందో" అని వరసగా మెసేజీలు. అప్పుడు గుర్తొచ్చింది పేరు సంగతి. గుర్తొచ్చినా దిద్దలేదు. ఒక్కరోజు ఉండనిద్దాం అనుకుంది. ఆ ఒక్కరోజు కాస్తా ఇరవై రోజులైంది. ఈలోగా తన సొంత పేజీ ఒక్కటీ రాయలేదు. గడువులోగా మార్చేస్తానని రోజూ తనకి తనే మాటిచ్చుకునేది.

"నా పేజీ చదివారా? ఏమన్నారే?" అని సూది అడిగేది.

"బాగుందన్నారు."

"నిజంగానా? నువ్వేమైనా దిద్దావా?"

"ఒకటీ అరా," అనేది కవిగారు.

ఒకసారి క్లాసులో మేడం కవిగారిని, "మీ ఇంట్లో కుట్టుమిషనుందామ్మా?" అని అడిగారు. "లేదు మేడం," అంది. మేడం పాఠంలోకి వెళ్ళిపోయారు. వాసన తెలియని మనిషికి వాసన సంగతే గుర్తుండదు.

గడువు చివరిరోజు పొద్దున్న కాఫీ వాసన తెలిసింది. సంబరపడిపోయి పుస్తకం తెరిచింది. మిషను నూనె గుప్పుమంది. తరవాతి పేజీ తెరిచింది. ఇరవై పేజీలూ అంతే, మిషను నూనె, కొత్త గుడ్డ.

అంటే మొదటిరోజు నుంచీ అందరికీ తెలుసు. ఆ పొగడ్తలన్నీ సూదికే. నిలదీస్తే అలిగి ఎక్కించడం మానేస్తుందని, సూదికి పరీక్ష పోతుందని ఊరుకున్నారు. తనని అంత తక్కువ మనిషిగా అంచనా వేశారు. సరిగ్గానే వేశారు కూడా. గదిలో ఎవరూ లేకపోయినా సిగ్గుతో తలెత్తలేకపోయింది.

మధ్యాహ్నం జాబితా వచ్చింది. మేడం పేర్లు చూడలేదు, వాసన చూసి లెక్కపెట్టారు. సూదికి ఇరవై. కవిగారికి పదకొండు, పరీక్షకి అనుమతి లేదు. కాలేజీ గుమాస్తా సూదికి ఫోన్ చేసి చెప్పాడట, సాయంత్రం సూది కవిగారికి చేసింది.

"ఇరవైకి ఇరవై వచ్చాయటే. అంతా నీ చలవే. జ్వరంలో కూడా ఒక్కరోజు మానలేదు నువ్వు. ఉండు, అమ్మ మాట్లాడుతుందట."

"నువ్వు లేకపోతే మా పిల్ల చదువు ఆగిపోయేది తల్లీ," అంది వాళ్ళమ్మ. "నీకో మంచి డ్రస్సు కుడదామని గుడ్డ తీసిపెట్టాను. కొలతలు చెప్పు."



"నాకేమీ కుట్టకండి ఆంటీ. ఒకసారి దానికివ్వండి ఫోను. ఒక సంగతి చెప్పాలి."

"చెప్పవే," అంది సూది, ఇంకా నవ్వుతూనే.