తొట్టిలో తేలిన పడవ

తాగడానికే నీళ్లు లేని ఊళ్లో నీళ్లలో మునిగే పడవ ఎందుకండీ అని పెళ్లయిన కొత్తలోనే అడిగాను. మా ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆయన పేరు ఇమ్మానియేలు, పర్చూరు దగ్గర మా ఊరి మిషన్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. చదువుకునే రోజుల్లో విశాఖపట్నం బీచిలో నిలబడి, సముద్రంలోంచి నల్లగా ఒక సబ్‌మెరైన్ పైకి లేవడం చూశారట. అది లేచిన తీరు ఆయన బుర్రలోంచి పోలేదు. మగవాళ్లకి పేకాట ఉంటుంది, రాజకీయాలుంటాయి. నా ప్రాప్తానికి ఇది దొరికింది.

ఆయనకి తోడుదొంగ సిలార్ అన్న. పర్చూరు సెంటర్లో రేడియోలు బాగుచేస్తాడు. ఇద్దరూ కలిసి మా వసారాలో ఏళ్ల తరబడి ఆ పడవ చేశారు. బోరుకి వేసే ప్లాస్టిక్ పైపు దాని ఒళ్లు. పశువులకి వాడే పెద్ద సిరంజి దాని కడుపు. టేపురికార్డరు మోటారు ఇటు తిరిగితే సిరంజి నీళ్లు పీల్చుకుని పడవ మునుగుతుంది, అటు తిరిగితే కక్కేసి లేస్తుంది. ఒడ్డున డబ్బా పట్టుకుని మీట నొక్కితే దానికి కబురు అందేలా రేడియో అమర్చింది సిలార్ అన్న. వెనక పంకా తిప్పే ఇరుసు పక్క నుంచి నీళ్లు దూరకుండా సైకిలు ట్యూబు కోసి వాషర్లు వేసింది మా ఆయన. ఆదివారం చర్చి కాగానే పడవంతా విప్పి, తుడిచి, కొత్త గ్రీజు పెట్టి బిగించేవారు. ఆ గ్రీజు మరకలు నా చీరలకి ఇప్పటికీ ఉన్నాయి.

అన్నిటికన్నా కష్టం తూకం. సిరంజి ఖాళీగా ఉన్నప్పుడు పడవ వీపు మీది రెక్క ఒక్కటే నీళ్ల పైన కనబడాలి. తేలికైతే మునగదు, బరువైతే లేవదు. దొడ్లో సిమెంటు తొట్టి నింపి, వలలకి కట్టే సీసం గుళ్లు ఒక్కొక్కటే లోపల పెడుతూ, తీస్తూ, ఎండలో గంటలకొద్దీ కూర్చునేవారు. తొట్టిలోవి మా బావి నీళ్లు. మా పక్క ఏ బావి తవ్వినా ఉప్పే. గిన్నెలు తోముకోవడానికి తప్ప పనికిరావు. మంచినీళ్లు ఊరి చెరువు నుంచి బిందెలతో మోసుకోవాలి, వాటితో తొట్టి నింపుతానంటే ఏ ఆడది ఊరుకుంటుంది?

ఎనభై మూడులో, మిరపకోతల ముందు, ప్రెసిడెంటు వెంకటనారాయణ గారిని బతిమాలి పడవని చెరువులో వదలడానికి ఒప్పించారు. మా చెరువులో ఎవరూ కాలు పెట్టరు. చెప్పులు కట్ట కిందే విడిచి, మెట్టు మీద నుంచి వంగి బిందె ముంచుకోవాలి. అందుకని పడవని సబ్బుతో కడిగి, మెట్టు మీద కూర్చుని నీళ్లలోకి తోశారు. అది బుడబుడలాడుతూ నడిమికి పోయి, పోతూ పోతూనే మునిగింది. ఊరంతా చప్పట్లు కొట్టింది.

"ఒరేయ్ సిలార్, నేనింకా మీట నొక్కలేదురా," అన్నారు మా ఆయన.

అది మళ్లీ లేవలేదు. బావిలో పడ్డ బొక్కెన్లు తీసే పాతాళగరిగెకి పొడుగు తాడు కట్టి విసిరారు. నీళ్లు బురదవుతున్నాయని ఆడవాళ్లు తిట్టారు. దిగి తెస్తానంటే ప్రెసిడెంటు గారు చెయ్యి అడ్డం పెట్టారు. ఊరంతా తాగే నీళ్లు, ఆయన్ని మాత్రం ఏమనగలం?

వాషరు కారిందని మా ఆయన, రేడియో మొండికేసిందని సిలార్ అన్న. తప్పు నీదంటే నీదని కొట్టుకునే మగాళ్లని చూశాను గానీ, నాదంటే నాదని కొట్టుకునేవాళ్లని అప్పుడే చూశాను.

ఎండలు ముదిరేసరికి సిలార్ అన్న మంచం పట్టాడు. రెండు కిడ్నీలూ చెడిపోయాయని గుంటూరు డాక్టర్లు ఇంటికి పంపేశారు. మంచినీళ్లు కూడా గుక్కెడుకి మించి తాగకూడదు. భార్య మౌలాబీ చెంబు దాచిపెట్టేది. మా ఆయన గుమ్మంలో కనబడితే చాలు, "ఏరా, లేచిందా?" అనేవాడు.

"లేచిందని చెప్పెయ్యండి, పాపం," అన్నాను.

"తెచ్చి విప్పమంటాడు రెబ్కా. ఎందుకు మునిగిందో తెలియకుండా వాడు ప్రశాంతంగా పోలేడు."

చెరువు ఎండుతోందని ఊరంతా ఏడుస్తుంటే మా ఆయన ఒక్కరే ఆశపడ్డారు. రోజూ బడి కాగానే కట్ట మీద నిలబడేవారు. చివరికి నడిమి గుంటలో పడవ రెక్క బయటపడింది. చుట్టూ నడుంలోతు రేగడి బురద. ఇంకాస్త ఆరితే చెక్కలు పరుచుకుంటూ పోయి తెచ్చుకోవచ్చు.

ఆ ఆదివారమే పాస్టరు జక్రయ్య గారు సాగర్ కాలవ నీళ్ల కోసం సంఘమంతటి చేత ప్రార్థన చేయించారు. మా ఆయన ఆమెన్ అనలేదు. నేను అన్నాను. పక్కూరి దాకా నడిచి బిందె మోసేది నేను. అన్నాక ఆయన వైపు చూడకుండా తల వంచుకున్నాను.

నీళ్లు వచ్చేశాయి. కాలవ కాపలా పిచ్చయ్య తూము తలుపు ఎత్తగానే జనం కేకలు పెట్టారు. నేనూ బిందె పట్టుకుని పరిగెత్తాను. మా ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని కట్ట మీద నిలబడ్డారు. ఎర్రటి నీళ్లు రెక్క చుట్టూ తిరిగి, దాన్ని కప్పేశాయి. ఒక్కరోజు ఆగవయ్యా అని పిచ్చయ్యని ఏ నోటితో అడుగుతారు?

మర్నాడు పటిక వేసి తేర్చిన నీళ్లు సీసాలో పోసుకుని ఇద్దరం పర్చూరు వెళ్లాం.

"లేచిందా?"

"లేదురా. చెరువు నింపేశారు."

సిలార్ అన్న నా చేతిలో సీసా చూసి, "ఆ కొత్తనీళ్లు ఒక గుక్క పొయ్యమ్మా," అన్నాడు. మౌలాబీ మొహం పక్కకి తిప్పుకుని తలూపింది.

గుక్కెడు నోట్లో పోసుకుని, మింగకుండా అలాగే ఉంచుకున్నాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"ఒరేయ్, ఇవి తియ్యగా ఉన్నాయిరా."

"చెరువు నీళ్లు కదరా."

"మరి మనం తూచింది దేంట్లో?"

మా ఆయన సీసా వైపు చూశారు.

"వాడరేవులో సముద్రంలోకి దిగితే మనిషి తేలికవుతాడు చూడు. ఉప్పునీళ్లు మోస్తాయిరా. మన పడవని మీ బావి ఉప్పు మోసింది. చెరువు మొయ్యలా. నాలుగు గుళ్లు తీసేస్తే లేచేది. నీ వాషరు కాదు, నా రేడియో కాదు." నవ్వబోయి దగ్గాడు. "ఇంకోటి చేద్దాం. ఈసారి మంచినీళ్లలో తూద్దాం."

"అట్టాగేరా," అని మా ఆయన మంచం పట్టె పట్టుకుని ఏడ్చారు.

ఆ వారం దాటకుండానే సిలార్ అన్న పోయాడు. మట్టి చేసి వచ్చాక మా ఆయన అన్నం ముట్టలేదు. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. తొట్టిలో నీళ్లు తోడేసి, అంచుకి కట్టిన ఉప్పు పొరలు గీకి, బిందె తీసుకుని చెరువుకి వెళ్లాను. మళ్లీ వెళ్లాను. మళ్లీ వెళ్లాను.

"మంచినీళ్లు తొట్టిలో పోస్తున్నావేంటే, పిచ్చా?" అని పక్కింటి సుబ్బరావమ్మ గోడ మీంచి కేకేసింది.

"అవును, పిచ్చే," అన్నాను.

తొట్టి నిండింది. మా ఆయన వచ్చి పక్కన కూర్చుని, నీళ్లలో చెయ్యి పెట్టారు. అందులో వెయ్యడానికి మా దగ్గర ఏమీ లేదు.